లోపం ఎక్కడ పుట్టింది?



ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు దినం నాటికి ఒక ఫోటో కావాలి. వెతికితే చేతికి చిక్కేది తరచూ ఒక గ్రూప్ ఫోటోనే. ఎవరి పెళ్లిలోనో తీసినది, మూడో వరసలో ఒకరి భుజం మీదుగా కనిపించే ముఖం. అదీ అసలు ఫోటో కాదు, చుట్టాల్లో ఎవరో వాట్సాప్‌లో పంపిన కాపీ. దాన్ని స్టూడియోకు పంపి, "అన్నా, 12 బై 18 చేసి ఫ్రేమ్ కట్టాలి, కాస్త క్లారిటీగా రావాలి" అంటారు. స్టూడియో అతను దాన్ని పెద్దది చేసి చూసి, "పగిలిపోతోందండీ" అంటాడు.

పాత ఫోటోలు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ రెండు మాటలూ నాకు రోజూ వినిపించేవే. క్లారిటీ లేదని మనం ఒక్క మాటలో తేల్చేసే దాంట్లో నిజానికి చాలా రకాల లోపాలుంటాయి. కొన్ని వెలుగు దగ్గర పుడతాయి. కొన్ని లెన్స్ దగ్గర, కొన్ని చేతి వణుకులో, కొన్ని ఫైలుగా దాచేటప్పుడు, కొన్ని ఒకరికొకరు పంపుకునేటప్పుడు. ఇంకొన్ని ఉన్నాయి, అవి బాగుచేస్తున్నాం అనుకుంటూ మనమే చేర్చేవి. నన్నడిగితే వీటన్నిట్లో ఎక్కువ నష్టం చేసేవి ఆ చివరివే. ఏ లోపం ఎక్కడ పుట్టిందో కనిపెడితేనే అది పోతుందో పోదో చెప్పగలం. అది తెలియకుండా ఫోన్‌లో కనిపించిన మీటలన్నీ నొక్కితే ఉన్న ముఖం కూడా పోతుంది.

ముందుగా డిజిటల్ ఫోటో అంటే ఏమిటో ఒక్క నిమిషం చూద్దాం. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అడ్డం 176 చుక్కలు, నిలువు 176 చుక్కలు. ఆయన తయారు చేసిన యంత్రానికి ఒక్కో చుక్క నలుపా తెలుపా అన్నది మాత్రమే తెలిసేది. మధ్యలో ఉండే బూడిద రంగు ఛాయల కోసం ఆయన అదే ఫోటోను వేర్వేరు హద్దులు పెట్టి పలుమార్లు చదివించి, వాటిని ఒకదాని మీద ఒకటి కలిపాడు. ఇప్పటి ఫోన్ ఫోటోలో కోటికి పైగా చుక్కలుంటాయి. మామూలు ఫైలులో ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా. ఫోటో అంటే అంతే, అంకెల పట్టిక. లోపం ఏదైనా ఆ అంకెల్లోనే ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒకటి: మనకు కావలసిన అంకె ఆ పట్టికలో దాగి ఉందా, లేక అసలు లేనే లేదా?

ఇక మసక సంగతి. ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే. మసకలన్నీ ఒకటి కావు. ఫోటోను నూటికి నూరు శాతం సైజులో తెరిచి, అందులో మెరిసే చిన్న చుక్క ఏదైనా ఉందేమో వెతకండి. ముక్కుపుడక రాయి కావచ్చు, కంటిపాపలో దీపం మెరుపు కావచ్చు, వెనకాల సీరియల్ లైటు కావచ్చు. ఆ చుక్క ఒక గీతలాగా సాగి ఉండి, ఫోటో అంతటా మెరుపులన్నీ అదే దిశలో సాగి ఉంటే, తీసినవాళ్ల చెయ్యి కదిలింది. మంటపం స్తంభాలు స్పష్టంగా ఉండి తలంబ్రాలు పోస్తున్న చేతులు మాత్రమే సాగి ఉంటే, కదిలింది మనుషులు. మెరుపు సాగకుండా గుండ్రని బిళ్లలాగా విచ్చుకుంటే ఫోకస్ తప్పింది. అప్పుడు ఫోటోలోనే ఇంకెక్కడో, వెనక కూర్చున్న ఆయన చొక్కా గుండీల మీదో, ముందున్న పూలకుండీ మీదో, ఫోకస్ కుదిరి ఉంటుంది. ఇవేవీ కాకుండా ప్రతి దీపం చుట్టూ పొగలాంటి వెలుగు అలుముకుని, ఫోటో మొత్తం పాలిపోయినట్టు ఉంటే, ఫోన్ లెన్స్ మీద వేలిముద్ర ఉంది. నా దగ్గరికి వచ్చే ఫోన్ ఫోటోల్లో తరచుగా కనిపించేది ఈ చివరిదే. మెత్తని బట్టతో ఒకసారి తుడిస్తే పోయే లోపం అది.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, చెయ్యి కదిలిన మసకను కొంతవరకు వెనక్కి తిప్పవచ్చు. ఏ దిశలో, ఎంత దూరం సాగిందో ఆ మెరుపు గీతే చెబుతుంది. ఆ సాగుదలను లెక్కకట్టి తిరగదోసే పద్ధతులు ఉన్నాయి. ఫోకస్ కొద్దిగా తప్పినా అంతే. మనుషులు కదిలిన మసక మాత్రం చెయ్యి ఒక దిక్కు, తల ఒక దిక్కు కదిలి ఉంటుంది కాబట్టి అంత సులువుగా లొంగదు.

ఈ తిరగదోసే లెక్కకు లోకమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 1990 ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపారు. మొదటి ఫోటోలు వచ్చాయి, అన్నీ మసక. నక్షత్రం ఒక చిన్న బిందువుగా ఉండాల్సింది, చుట్టూ వెలుగు చెదిరిన మచ్చగా కనిపించింది. శాస్త్రవేత్తలు ఆ మచ్చ ఆకారాన్నే చదివారు. 2.4 మీటర్ల అద్దాన్ని అరగదీసినప్పుడు దాని అంచు ఉండాల్సిన దానికన్నా దాదాపు 2.2 మైక్రాన్లు పల్చబడింది, అంటే వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. అద్దం ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమర్చి ఉండటం దానికి కారణం. అద్దాన్ని ఎంతో కచ్చితంగా అరగదీశారు, కాకపోతే తప్పు ఆకారానికి. ఆ కచ్చితత్వమే వాళ్లను కాపాడింది. తప్పు ఎంతో తెలుసు కనుక, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిగ్గా దానికి విరుగుడైన అద్దాలను అమర్చారు. ఆలోపు మూడేళ్లకు పైగా, భూమి మీద కంప్యూటర్లలో లెక్కలు కట్టి ఫోటోలను పదును చేసుకున్నారు. బాగా వెలిగే వస్తువుల విషయంలో ఆ లెక్కలు పనిచేశాయి. మిణుకుమనే మసక గెలాక్సీల విషయంలో అంతగా పనిచేయలేదు, ఎందుకంటే వాటి వెలుగు అటూ ఇటూ చెదిరిపోయి రొదలో కలిసిపోయింది. కారణం తెలిసినా, అంకె పట్టికలో మిగలకపోతే లెక్క ఏం చేయగలదు?

రొద అన్నాను. ఇంగ్లీషులో నాయిస్ అంటారు, మన స్టూడియోల్లో గ్రెయిన్స్ వచ్చాయి అంటారు. రాత్రి పూట తీసిన ఫోటోలో నల్లటి గోడ మీద రంగురంగుల ఇసుక చల్లినట్టు కనిపిస్తుందే, అది. చాలామంది దీన్ని కెమెరా చెడు అనుకుంటారు. చాలావరకు అది వెలుగు స్వభావం. వెలుగు రేణువులుగా వచ్చి పడుతుంది. వాన మొదట నాలుగు చినుకులు రాలినప్పుడు ఒక బండ మీద రెండు, పక్క బండ మీద అయిదు పడతాయి, ఎక్కడా సమానంగా ఉండదు. జోరు వాన కురిస్తే అన్ని బండలూ ఒక్కలాగే తడుస్తాయి. కెమెరా లోపలి సెన్సర్ మీద కూడా అంతే జరుగుతుంది. ఒక చుక్క మీద సగటున 100 రేణువులు పడితే అందులో హెచ్చుతగ్గు 10 దాకా ఉంటుంది, అంటే నూటికి పది. 10,000 రేణువులు పడితే హెచ్చుతగ్గు 100, అంటే నూటికి ఒకటి. ఎక్కువ వెలుగు పోగుచేయడమే దీనికి అసలైన పరిష్కారం. ఫోన్లలో నైట్ మోడ్ చేసే పనిలో ముఖ్యమైనది ఇదే. వరసగా చాలా ఫోటోలు తీసి వాటిని కలిపి సగటు కడుతుంది. 16 ఫోటోలు కలిపితే రొద నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే అప్పుడు ఫోన్ కదపకుండా పట్టుకోమని అడుగుతుంది.

ఒక్క ఫోటోనే ఉన్నప్పుడు రొద తగ్గించాలంటే పక్కపక్క చుక్కలను కలిపి నునుపు చేయాలి. ఇసుకతో పాటు చర్మం మీది గీతలూ, చీర నేతా కూడా నునుపైపోతాయి. కొంచెం గ్రెయిన్ ఉంచేయమని నేను ఎప్పుడూ చెబుతాను. ప్రింటులో అది పెద్దగా కనబడదు. మైనపు బొమ్మలాంటి ముఖం మాత్రం ఎంత దూరం నుంచైనా కనబడుతుంది.

వెలుగు ఎక్కువైతే ఇంకో కష్టం. ఫోటో చీకటిగా ఉంటే అంకెలు 10, 12, 15 అని అడుగున ఎక్కడో ఉంటాయి. వాటిని పైకి లాగితే గ్రెయిన్స్‌తో అయినా సరే ముఖం బయటికొస్తుంది. వెలుగు మితిమీరితే అంకెలన్నీ 255 దగ్గర గోడకు కొట్టుకుని ఆగిపోతాయి. తెల్ల పంచె మడతలు, ఎండలో ఉన్న గోపురం మీది బొమ్మలు, అన్నీ 255. అన్నీ ఒకే అంకె అయినప్పుడు వాటి మధ్య తేడా ఇక ఎక్కడా లేదు. తగ్గిస్తే తెలుపు బూడిదగా మారుతుంది కానీ మడత రాదు. అందుకే తీసేటప్పుడే, అనుమానం ఉంటే, కాస్త చీకటి వైపే ఉండండి. రా ఫైలు, అంటే సెన్సర్ చదివిన అంకెల్ని దాదాపు ఉన్నవున్నట్టు దాచే ఫైలు తీసే కెమెరా ఉంటే ఇంకా మంచిది. అందులో అంకెలు 255 దగ్గర ఆగవు, 12 బిట్లయితే 4,096 మెట్లు, 14 బిట్లయితే 16,384 మెట్లు ఉంటాయి.

మన పెళ్లి ఫోటోల్లో దీనికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది, దాన్ని చాలామంది ఫోటోగ్రాఫర్లే పట్టుకోలేరు. పెళ్లికూతురు ఎర్ర పట్టుచీర కట్టుకుంది. ఫోటో మొత్తం చూస్తే వెలుగు సరిగ్గానే ఉంది, ముఖం బాగుంది. చీర మాత్రం కాగితం కత్తిరించి అతికించినట్టు ఒకే ముద్దగా ఎర్రగా ఉంది. నేత లేదు, మడత నీడలు లేవు. మూడు రంగుల అంకెల్ని విడివిడిగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఆకుపచ్చ, నీలం తక్కువగానే ఉన్నాయి, ఎరుపు ఒక్కటే 255 దగ్గర ఆగిపోయింది. మొత్తం వెలుగును చూపించే హిస్టోగ్రామ్ గ్రాఫులో ఇది దొరకదు, రంగుల వారీ గ్రాఫు చూడాలి. బంతిపూల దండల్లోనూ ఇదే జరుగుతుంది. రా ఫైలు ఉంటే ఎరుపును కిందికి దించి నేత బయటికి తేవచ్చు. జేపెగ్, అంటే మామూలు ఫోటో ఫైలు మాత్రమే ఉంటే ఆకుపచ్చ అంకెల్లో మిగిలిన నీడల్ని అరువు తెచ్చి కొంత నేతను ఎర్ర రంగులోకి కలపవచ్చు. ఇది ఓపిక కావలసిన పని, చేతనైనవాళ్లు చేస్తారు. ఆ నీడ ఎక్కడో పుట్టించినది కాదు, అదే చీర నీడ, పక్క పట్టికలో భద్రంగా ఉంది. అందుకే దాన్ని బాగుచేయడం అని ధైర్యంగా అనగలను.

రంగు తేడా ఇంకొకటి. పెళ్లికొడుకును చేసినప్పుడు ఒంటినిండా పసుపు, పసుపు బట్టలు, వెనక పసుపు బంతిపూలు. కెమెరా ఏం అనుకుంటుంది? గదిలో దీపమే పసుపుగా ఉందనుకుని దాన్ని సరిచేద్దామని నీలం కలుపుతుంది. పిల్లాడి చర్మం నీలిగా, జబ్బుపడ్డట్టు తేలుతుంది. దీనికి పరిష్కారం సులువు. ఆ ఫోటోలోనే నిజంగా తెల్లగానో బూడిదగానో ఉండాల్సిన వస్తువు మీద, స్టీలు గిన్నె అంచు మీదో, తెల్ల తువ్వాలు మీదో, వైట్ బ్యాలెన్స్ పరికరంతో ఒకసారి నొక్కితే చాలు, మిగతా రంగులన్నీ దారికొస్తాయి. పసుపు తగిలిన తువ్వాలు మీద మాత్రం నొక్కకండి.

ట్యూబులైట్ల కింద అడ్డంగా చీకటి పట్టీలు రావడం కూడా చాలామంది చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు, దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్ సెన్సర్ ఫోటోను వరస తర్వాత వరసగా చదువుతుంది. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు పెడితే కొన్ని వరసలకు వెలుగు దొరుకుతుంది, కొన్నిటికి దొరకదు. 50వ వంతో, 100వ వంతో పెడితే పట్టీలు పోతాయి. తీసేశాక సరిచేయడం మాత్రం చాలా కష్టం.

లెన్స్ వల్ల వచ్చేవి, అంటే తెల్లటి ఆకాశం ముందు కొబ్బరాకుల అంచుకు ఊదారంగు గీత, మూలలు నల్లబడటం, గోడలు ఉబ్బినట్టు కనిపించడం, వీటి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. లెన్స్ ఏదో తెలిస్తే సాఫ్ట్‌వేర్ వాటిని చాలావరకు తీసేస్తుంది.

ఇప్పుడు అసలు 'పగిలిపోవడం' దగ్గరికి వద్దాం. ఇది కెమెరా దగ్గర పుట్టే లోపం కాదు, దాచేటప్పుడూ పంపేటప్పుడూ పుట్టేది. మనం వాడే ఫోటో ఫైళ్లలో చాలావరకు జేపెగ్ రకానివి. 1992లో ఆ ప్రమాణం వచ్చింది. దాని గుండెకాయ లాంటి గణితాన్ని 1974 జనవరిలో ఒక పరిశోధన పత్రంగా ప్రచురించినవారు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. కె. ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పి, 2021లో కన్నుమూశారు. మన ఫోన్లలోని లక్షల ఫోటోలు ఆ గణితం మీద నడుస్తున్నాయని, అది రాసినవారిలో ఒకరి ఇంటిపేరు కామిశెట్టి అని మన పిల్లలకు చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆ పద్ధతి ఏం చేస్తుందంటే, ఫోటోను 8 చుక్కల అడ్డం, 8 చుక్కల నిలువు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగును, గబగబా మారే వివరాలను వేరు చేస్తుంది. మన కన్ను నెమ్మది మార్పును బాగా పట్టుకుంటుంది, సన్నటి వివరాలను అంతగా పట్టించుకోదు. కనుక ఆ సన్నటి వివరాల్ని కొంత వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. మితంగా చేస్తే తేడా తెలియదు. అతిగా చేస్తే గడికీ గడికీ మధ్య గీతలు బయటపడతాయి, అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు కనిపిస్తాయి. రంగుల వివరాన్ని వెలుగు వివరం కన్నా తక్కువగా దాచడం కూడా మామూలే. ఫ్లెక్సీ మీద నీలం నేల మీద ఎర్ర అక్షరాలు అల్లుకుపోయినట్టు కనిపించడానికి తరచూ అదే కారణం.

ఇక వాట్సాప్. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో అంటే 4000 బై 3000, కోటీ ఇరవై లక్షల చుక్కలు. మామూలుగా పంపితే అది దాదాపు 1600 బై 1200కు కుదించుకుపోతుంది, అంటే 19 లక్షల చిల్లర. ఆరింట ఒక వంతు. ఆ పైన జేపెగ్ పిండుడు. ఆ గ్రూప్ ఫోటోలో మనకు కావలసిన ముఖం 80 చుక్కల వెడల్పు ఉంటుందనుకుందాం. 12 బై 18 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చొప్పున 3600 బై 5400 చుక్కలు కావాలి. అందులో ముఖమే 2000 చుక్కల వెడల్పు రావాలంటే, ఉన్న ఒక్కో చుక్కను అడ్డంగా పాతిక చుక్కలుగా సాగదీయాలి. పగలక ఏమవుతుంది?

ఇలాంటప్పుడు మొదట వెతకాల్సింది యాప్‌ను కాదు, అసలు ఫైలును. ఆ ఫోటో ఎవరి ఫోన్‌తో తీశారో కనుక్కుని, గ్యాలరీలోంచి డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అప్పుడు ఒక్క చుక్క కూడా తగ్గదు. 2023 నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీ అన్న మీట ఉంది, అది కొంత నయం, అయినా డాక్యుమెంటే మేలు. పెళ్లి ఫోటో అయితే ఆ పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేయండి. హార్డ్ డిస్కులో ఉండే అవకాశం ఉంది. ఎంత ఆలస్యమైతే అంత తగ్గుతుంది. ఏదీ దొరకకపోతే 12 బై 18 పట్టుదల వదిలేసి 5 బై 7 ప్రింటు తీయించి, చుట్టూ వెడల్పాటి మౌంటు బోర్డు పెట్టి పెద్ద ఫ్రేములో కట్టించండి. చూడటానికి నిండుగా ఉంటుంది, ముఖం వాళ్ల ముఖంలాగే ఉంటుంది.

పాత ప్రింట్లు స్కాన్ చేసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 4 బై 6 ప్రింటును 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే చాలు, నెగటివ్ అయితే 3000 పైన ఉండాలి. నెగటివ్ ఉంటే అదే చేయించండి, ప్రింటులో రాని వివరాలు అందులో ఉంటాయి. 1970, 80ల కలర్ ఫోటోలు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. రంగుల్లో సయాన్, అంటే నీలాకుపచ్చ రంగు ముందు వెలిసిపోవడం దానికి కారణం. వెలిసింది కానీ పూర్తిగా పోలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్ని విడివిడిగా సాగదీస్తే మామిడాకు మళ్లీ పచ్చగా కనిపిస్తుంది. అప్పట్లో గరుకు కాగితం మీద, సన్నటి తేనెపట్టు గళ్లున్న కాగితం మీద ప్రింట్లు వేసేవారు. స్కానర్ వెలుగు ఒక పక్క నుంచి పడి ఆ గళ్లన్నీ మెరుస్తాయి. ఒకసారి స్కాన్ చేసి, ఫోటోను తలకిందులుగా తిప్పి మళ్లీ స్కాన్ చేసి, రెండిటినీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కలిపి సగటు కడితే మెరుపులు చాలావరకు చెరిగిపోతాయి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను మాత్రం దయచేసి లాగకండి. ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో పాటే, పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుగులో ఫోటో తీయించండి. దినపత్రికలో పడ్డ ఫోటో అయితే అచ్చు చుక్కలూ స్కానర్ చుక్కలూ కలబడి అలల చారలు వస్తాయి. ఎక్కువ డీపీఐలో స్కాన్ చేసి, కాస్త మసకబరిచి, తర్వాత కుదిస్తే అవి అణుగుతాయి.

ఫోటోల మాటే కాదు, పుస్తకాలదీ ఇదే కథ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డిగారి చొరవతో మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్టు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, ఇవి లేకపోతే ఎన్నో పాత తెలుగు పుస్తకాలు మనకు అందేవి కావు. ఆ రుణం తీరేది కాదు. అయితే ఆ స్కాన్లలో చాలా పుటలు నలుపు, తెలుపు రెండే ఛాయల్లో ఉన్నాయి. అప్పట్లో ఫైలు సైజు తగ్గడానికి అది అవసరమే. పాత లెటర్‌ప్రెస్సులో సిరా సరిగ్గా అంటని చోట 'ధ' కింద ఉండే చిన్న ఒత్తు లేతగా ఉంటుంది. యంత్రం దాన్ని తెలుపు కింద లెక్కేస్తే, 'ధ' కాస్తా 'ద' అవుతుంది. తలకట్లు ఊడిపోతాయి, మరకలు సున్నలవుతాయి. బూడిద ఛాయలతో స్కాన్ చేసి ఉంటే ఈ రోజు హద్దు మార్చి ఆ ఒత్తును బయటికి తెచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ పుస్తకం ప్రతి ఎక్కడుందో వెతుక్కుని మళ్లీ స్కాన్ చేయడం తప్ప దారి లేదు. ఊళ్లలో గ్రంథాలయాల్లో, ఇళ్లలో పుస్తకాలు స్కాన్ చేస్తున్నవాళ్లెవరైనా వింటుంటే నా విన్నపం ఇది: గ్రే స్కేల్ పెట్టండి, వీలైతే కలర్. హార్డ్ డిస్కు ఇప్పుడు అంత ఖరీదు కాదు.

బాగుచేస్తున్నామనుకుంటూ చేర్చే లోపాల గురించి ఇందాక చెప్పాను. షార్ప్‌నెస్ మీటను చివరిదాకా లాగితే జుట్టు చుట్టూ తెల్లటి గీత పడుతుంది. కొత్త వివరం ఏమీ రాదు, ఉన్న అంచుకు తేడా పెరుగుతుంది అంతే. ఇది కంటికి కనిపించే తప్పు కాబట్టి ప్రమాదం తక్కువ. కంటికి కనిపించని తప్పు ఎలా ఉంటుందో 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ నిపుణుడు బయటపెట్టాడు. ఒక ఇంటి ప్లానును జిరాక్స్ సంస్థ యంత్రంలో స్కాన్ చేస్తే, వేర్వేరు వైశాల్యాలున్న మూడు గదులకూ 14.13 చదరపు మీటర్లనే వచ్చింది. ఫైలు చిన్నది చేయడానికి ఆ యంత్రం ఒకేలా కనిపించే గుర్తులను ఒకే బొమ్మతో భర్తీ చేస్తోంది. కాగితం మీద మసక లేదు, పగలడం లేదు, అంకె స్పష్టంగా ఉంది, కానీ అది వేరే అంకె. మసకగా ఉన్న 6ను చూస్తే మనకు అనుమానం వస్తుంది, అడుగుతాం. శుభ్రంగా అచ్చయిన 8ని ఎవరు అనుమానిస్తారు?

ఇప్పుడు ఏఐ యాప్ ముఖాల విషయంలో చేస్తున్నది కూడా ఇలాంటిదే. 80 చుక్కల ముఖాన్ని ఇస్తే రెప్పవెంట్రుకలతో సహా కడిగిన ముత్యంలాంటి ముఖాన్ని చేతికిస్తుంది. ఆ రెప్పలు ఎక్కడివి? అది నేర్చుకున్న లక్షల ముఖాల్లోంచి వచ్చినవి. 2020లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన ఇలాంటి ప్రోగ్రామ్‌కు చుక్కలుగా పగిలిన బరాక్ ఒబామా ఫోటో ఇస్తే ఒక తెల్లజాతి మనిషి ముఖం బయటికొచ్చింది. లోకమంతటికీ తెలిసిన ముఖం కాబట్టి తప్పు వెంటనే దొరికింది. మన మామ్మ ముఖం ఎవరికి తెలుసు? ఇంట్లో పదిమందికి. ఆ యాప్ ఆవిడ గడ్డం మీది పచ్చబొట్టును మరక అనుకుని తుడిచేస్తుంది. అమ్మవారు పోసినప్పటి మచ్చల్ని నునుపు చేస్తుంది. ఊడిన పన్ను చోట తెల్లటి పలువరస పెడుతుంది. చెవి తమ్మె సాగి వేలాడే చోట కొత్త కమ్మ తొడుగుతుంది. కొడుకు చూసి బాగుందంటాడు. మనవరాలికి ఇరవై ఏళ్ల తర్వాత అదే మామ్మ. నాకు దీని మీద కచ్చితమైన అభిప్రాయం ఉంది: ఇంటి పెద్దల ముఖంలో లేని గీతను గీయకూడదు. నేపథ్యంలో గోడ చిరిగిపోయి ఉంటే పూడ్చండి, చీర అంచు మీద పురుగు కొట్టిన రంధ్రాన్ని పక్క అంచు చూసి పూడ్చండి. కన్ను చిరిగిపోతే అదే మనిషి మరో ఫోటో వెతికి దాన్ని చూసి వేయండి. అదీ దొరకకపోతే చిరుగును అలాగే ఉంచడంలో తప్పేమీ లేదు.

బాగుచేయించేవాళ్లు అడిగి తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ మార్పూ చేయని స్కాన్‌ను జేపెగ్‌లాగా వివరాలు వదిలేయని టిఫ్ ఫైలుగా విడిగా ఇవ్వమనండి. బాగుచేసిన దానికి వేరే పేరు పెట్టించండి, ఆ పేరులోనే బాగుచేసినదని ఉండాలి, ఏడాది ఉండాలి. దాన్ని తెరిచి దిద్దిన ప్రతిసారీ జేపెగ్‌గా మళ్లీ సేవ్ చేస్తే కొంత కొంత అరిగిపోతుంది కాబట్టి పని జరిగినన్నాళ్లు టిఫ్‌లోనే ఉంచి, చివరికొకసారి మాత్రం జేపెగ్ తీయాలి. ఫైలు తీసుకున్నాక కంప్యూటర్లో నూటికి నూరు శాతం సైజులో తెరిచి, అసలు స్కాన్‌ను పక్కన పెట్టుకుని కళ్లు, పెదవుల చివరలు, చెవులు, చేతివేళ్లు వరసగా చూడండి. ఇంట్లో ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అసలులో లేనిదేదైనా బాగుచేసిన దాంట్లో కనిపిస్తే తీసేయమని అడగండి. ఏ భాగాన్ని వేరే ఫోటో చూసి వేశారో స్టూడియో వారి చేతే ఒక కాగితం మీద రాయించుకుని, ఫ్రేము వెనక అట్ట లోపల పెట్టించండి.